సోఫా వెనక గోడకి కుండల పెయింటింగ్, కింద నాలుగు నిజం కుండలు: ఏం చూసి కొనాలి?

ఖాళీగోడ_కొత్తిల్లు
అందరికీ నమస్తే. మియాపూర్ వైపు ఫ్లాట్ తీసుకున్నాం, గృహప్రవేశం కూడా అయిపోయింది, హాల్లో సోఫా వెనకాల గోడ మాత్రం బోసిగా ఉండిపోయింది. మా ఆవిడకి గుర్రాలు వద్దంట, బుద్ధుడు వద్దంట, జలపాతాలు అసలే వద్దంట. కుండలు, కూజాలు, ఇత్తడి బిందె ఇలాంటివి బల్ల మీద పెట్టి వేసిన బొమ్మ కావాలంట, అదే స్టిల్ లైఫ్ అంటారు కదా. దాని కింద చిన్న టేబుల్ వేసి నిజం కుండలు ఓ నాలుగు పెడదామని ప్లాన్. నిన్న ఒక షాపులో ఒకటి నచ్చింది, 4 అడుగులు 3 అడుగులు, మూడు మట్టి కుండలు, ఒక ఇత్తడి బిందె, పక్కన రెండు ఉల్లిపాయలు. 22 వేలు చెప్పాడు, ఫుల్ హ్యాండ్ పెయింటెడ్ ఆయిల్ సార్ అన్నాడు, చేత్తో తాకితే గరుగ్గానే ఉంది. బేరమాడితే 18కి ఇచ్చేలా ఉన్నాడు. తీసుకోమంటారా?

బ్రష్షూ_టర్పెంటైనూ
ఆగండి సార్. గరుగ్గా ఉన్నంత మాత్రాన చేత్తో వేసినట్టు కాదు. కాన్వాస్ మీద ప్రింట్ కొట్టేసి పైన పారదర్శకంగా ఉండే జెల్ బ్రష్‌తో పూస్తారు, ఆరాక తాకితే అచ్చం పెయింటింగ్‌లాగే అనిపిస్తుంది. మళ్ళీ షాపుకెళ్ళి ఫోన్ టార్చి వేసి చూడండి, ఎదురుగా కాదు, కాన్వాస్‌కి ఆనించినట్టు పక్క నుంచి. చేత్తో వేసిందైతే గరుకు కూడా బొమ్మతో పాటే నడుస్తుంది. కుండ కడుపు దగ్గర గీతలు గుండ్రంగా తిరుగుతాయి, అంచు మీద మెరుపు పెట్టిన చోట తెల్లరంగు కాస్త పైకి లేచి ఉంటుంది, నీడ ఉన్న చోట రంగు పల్చగా పడి కాన్వాస్ నేత కనపడుతుంది. జెల్ పూసిందైతే ఆ గీతల దారి ఆ గీతలది, బొమ్మ దారి బొమ్మది. బిందె మెడ మీద మొదలైన గీత బిందె దాటి వెనకాల గోడ మీదకి ఒకే ఊపులో వెళ్ళిపోతుంది, ఏ పెయింటరూ అలా వేయడు.

తర్వాత ఫోన్ కెమెరాని బాగా దగ్గరికి పెట్టి జూమ్ చేయండి, ఇంట్లో పెద్దాళ్ళ భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ప్రింట్ అయితే రంగు సన్నటి చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. చివరగా ఒక్క ప్రశ్న అడగండి: ఇదే బొమ్మ వేరే సైజులో ఉందా? ఉంది సార్ అన్నాడంటే ఇక మీరేం చూడక్కర్లేదు.

సిద్దిపేట_పోరి
22 వేలా అన్నా!! గా పైసలతోని మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ పిల్లగాండ్లతోని మూడు బొమ్మలు ఏపిచ్చుకోవచ్చు. ఆళ్లకు సిలబస్‌ల ఫస్ట్ ఇయర్ నుంచే ఇదే పని, ఓ కుండ, ఓ ఇత్తడి చెంబు, ఇన్ని వంకాయలు, ఎనకాల ముడతలు పడ్డ బట్ట పెట్టి, కూసొని ఏస్తరు. మా తమ్ముడు గదే కాలేజీల చదివిండు, ఇంట్ల మంచం కింద ఇప్పటికి గూడ కుండల బొమ్మలే ఉంటయి. కాలేజీల యేటా ఎగ్జిబిషన్ పెడ్తరు, పోయి జూడు, నచ్చినోని నంబర్ తీస్కో.

తెనాలి_బాబాయ్
బాబూ ధర సంగతి తర్వాత, అసలు ఖాళీ కుండల బొమ్మ నట్టింట్లో పెట్టకూడదంటారు. ఖాళీ కుండ ఎదురైతేనే పని జరగదని వెనక్కి వచ్చేవాళ్ళం మేము, అలాంటిది పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఖాళీ కుండల మొహం చూస్తూ కూర్చుంటారా? కొత్తింట్లో పగిలిన కుండ బొమ్మ అయితే అస్సలొద్దు. చెప్పడం నా ధర్మం, తర్వాత మీ ఇష్టం.

బెజవాడ_బస్టాండ్
బాబాయ్ గారూ బొమ్మలో కుండ ఖాళీయో నిండో మీకెలా తెలిసిందండీ, వంగి లోపలికి చూసొచ్చారా 😀

అమరావతి_అభిమాని
బాబాయ్ గారు చెప్పిన దాంట్లోంచే ఒక మంచి ఐడియా తీసుకోవచ్చండీ. అమరావతి స్తూపం రాతి పలకల మీద పూర్ణఘటం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, బానలాంటి కడుపున్న కుండ, దాని మూతిలోంచి తామరలు, మొగ్గలు పొంగుకుంటూ బయటకి వస్తుంటాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఆ పలకలు చూడొచ్చు, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 2018లో తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో నడిమధ్య ఉన్నది కూడా ఆ పూర్ణఘటమే. మీ బొమ్మలో ఒక కుండలో తామరలో, మామిడి రెమ్మలో పెట్టించండి, బాబాయ్ గారికీ అభ్యంతరం ఉండదు, బొమ్మకీ పైవైపు కాస్త ఎత్తు వస్తుంది, లేకపోతే మూడు కుండలూ ఒకే ఎత్తులో వరసగా కూర్చుని బొమ్మ చప్పగా ఉంటుంది.

తెనాలి_బాబాయ్
అలా అయితే సరే. పూలుంటే అది నిండు కుండే.

మట్టిచేతులు
నేను పెయింటింగ్ జోలికి పోను, కుండల గురించి చెప్తా. వీకెండ్స్ స్టూడియోలో సారె (కుమ్మరి చక్రం) దగ్గర కూర్చునే మనిషిని, కాబట్టి కొంచెం పొడుగవుతుంది భరించండి.

ముందు మట్టి కుండ, గ్లేజ్ అంటే గాజులాంటి పూత వేసిన స్టోన్‌వేర్, బ్లూ పాటరీ ఈ మూడూ ఒకటి కాదని తెలుసుకుంటే సగం గొడవ తీరిపోతుంది. మన కుమ్మరి ఆవంలో కాలేది ఎర్ర మట్టి, తక్కువ వేడిలోనే కాలుతుంది కాబట్టి కుండకి ఒళ్ళంతా సన్న రంధ్రాలుంటాయి, నీళ్ళు పోస్తే చెమర్చి చల్లబడేది అందుకే, అలాగే టేబుల్ మీద పెట్టి పూల కోసం నీళ్ళు పోస్తే పాలిష్ మీద తెల్లగా వలయం పడేదీ అందుకే. పూలు పెట్టాలంటే లోపల ఒక గాజు గ్లాసు దించి అందులో పెట్టండి. స్టోన్‌వేర్ అయితే దాదాపు 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుతుంది, నీళ్ళు దిగవు, బరువుగా ఉంటుంది. పుదుచ్చేరి, ఆరోవిల్ వైపు వెళ్తే చూసి కొనండి, అక్కడ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలైంది, దాని చలవ వల్లే ఆ చుట్టుపక్కల ఇన్ని స్టూడియోలు, నాకు మాత్రం వాళ్ళ బూడిదరంగు, ముదురు గోధుమరంగు గ్లేజులు ఎర్ర కుండల పక్కన పెడితే బ్రహ్మాండంగా కలుస్తాయనిపిస్తుంది.

జైపూర్ బ్లూ పాటరీ సంగతి తమాషాగా ఉంటుంది, పేరుకి పాటరీ గానీ మామూలు కుమ్మరి మట్టి వాడరు, క్వార్ట్జ్ రాయి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు కలిపి ముద్ద చేసి అచ్చుల్లో అదుముతారు. నీలం కోబాల్ట్ నుంచి, ఆ ఆకుపచ్చ కలిసిన నీలం రాగి నుంచి వస్తాయి. అందంగా ఉంటుంది గానీ ఇట్టే పెచ్చులూడుతుంది, చిన్న పిల్లలుంటే కింది టేబుల్ మీద వద్దు. మణిపూర్ లాంగ్‌పీ నల్ల కుండలు కూడా దొరుకుతున్నాయి ఈమధ్య, వాటికి సారె వాడరు, రాయి పొడి మట్టితో కలిపి చేత్తోనే చేస్తారు, నల్లగా మెరుపు లేకుండా ఉంటాయి, తెల్ల గోడ ముందు పెడితే చూపంతా దాని మీదే.

కొనేటప్పుడు అరచేతిలో కుండ పెట్టుకుని రెండో చేతి వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే బాగా కాలినట్టు, డొక్కు సౌండ్ వస్తే ఎక్కడో బీట ఉంది లేదా సరిగ్గా కాల్లేదు. అడుగు కూడా చూడండి, కదలకుండా కూర్చోవాలి. రంగులేసిన కుండలైతే తడి బట్టతో ఒక మూల రుద్దండి, రంగు బట్టకి వస్తే అది ఊరికే పోస్టర్ కలర్.

సిద్దిపేట_పోరి
మట్టిచేతులు అక్కా అన్నీ జెప్పినవ్ గాని మన ఐరేని కుండలు మర్చిపోయినవ్! పెండ్లిల కుమ్మరోళ్ల ఇంటి నుంచి మేళంతోని తెస్తరు గద. ఒంటినిండ సున్నం పూసి, దాని మీద జాజు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు, చుక్కలు, మూతి సుట్టూ గీతలు, ఒకదాని మీద ఒకటి పేరుస్తరు, పైన మూకుడు బోర్లిస్తరు. మా ఊర్ల మా పెద్దమ్మ సున్నం పట్టీ మీద బొటనవేలు ముంచి ఒత్తుతది, సుట్టూ తిరిగొచ్చేసరికి చుక్కలన్నీ ఒకే ఎడం ఉంటయి, స్కేలు లేదు ఏం లేదు. పెండ్లి అయినంక ఓ మూలకు పడేస్తరు, నేను మూడు కుండలు ఏరుకొచ్చుకుని నా రూంల షెల్ఫ్ మీద పెట్టిన. ఇంటికొచ్చినోల్లందరు ఎక్కడ కొన్నవ్ అంటరు.

అమరావతి_అభిమాని
మావైపు అరివేణి కుండలంటామండీ, మా దగ్గర రంగులు వేరుగా ఉంటాయి గానీ పద్ధతి ఇదే. పెళ్ళిళ్ళ సీజన్లో కుమ్మరి ఇంటికి నేరుగా వెళ్ళి ఒక జత ఎక్కువ చేయమంటే చేసిస్తారు, షాపులో కొన్నదానికంటే తక్కువకే వస్తుంది.

సీమ_బిడ్డ
ఏమప్పా అందరూ జైపూరు మణిపూరు అంటాండారు, మా పలమనేరు గుర్తురాలేదా ఒక్కురికి కూడా? చిత్తూరు జిల్లాలో పలమనేరు టెర్రకోట అంటే ఎంత పేరో. బెంగుళూరు రోడ్డు మీదే ఉండాది, కారు ఆపి చూసుకోవచ్చు. కుండలు, గుర్రాలు, గోడకి తగిలించేవి అన్నీ చేస్తారు. నాకు తెలిసినంతలో మీరు అడిగిన సైజు, షేపు చెప్తే చేసిస్తారు కూడా, ఊరికే షోరూంలో ఉండేది తీసుకోవాలని ల్యా. దారిలో కొంటే కార్లో సీటు కింద పెట్టద్దండి, బ్రేకు కొడితే మూతి పోతాది, ఒళ్ళో పెట్టుకోని రావాల్సిందే.

విశాఖ_ఉప్పుగాలి
కుండలు సరే, పెయింటింగ్ విషయంలో మాలాగా సముద్రం దగ్గరున్నవాళ్ళకి ఒక మాట. గోడకి బయటివైపు వాన పడుతుందా లేదా చూసుకోండి, ఆ గోడకి కాన్వాస్ అంటించినట్టు తగిలిస్తే వర్షాకాలంలో వెనకంతా బూజు పట్టేస్తది. ఫ్రేము కింది మూలలకి రెండు కార్క్ ముక్కలు గానీ రబ్బరు బొడిపెలు గానీ అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుద్ది. ఆయిల్ పెయింటింగ్‌కి గాజు వేయించొద్దు, వాటర్ కలర్ అయితే గాజు తప్పదు, కాగితానికీ గాజుకీ మధ్య మౌంట్ బోర్డు, అంటే చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట ఉండాలి, లేకపోతే కాగితం గాజుకి అతుక్కుపోద్ది. సాయంత్రం ఎండ నేరుగా పడే గోడైతే వాటర్ కలర్ ఆలోచనే మానేయండి, వెలిసిపోద్ది.

ఖాళీగోడ_కొత్తిల్లు
అప్‌డేట్. ఆఫీస్ నుంచి వస్తూ షాపుకెళ్ళా. టార్చి పక్క నుంచి వేశా. బ్రష్షూ గారు చెప్పినట్టే బిందె మెడ మీద నుంచి ఒక గీత బయల్దేరి ఉల్లిపాయని నిలువునా కోసుకుంటూ టేబుల్ కింద దాకా దిగింది. ఫోన్ దగ్గరగా పెడితే ఉల్లిపాయ అంచంతా ఎరుపు నీలం చుక్కలే. అయినా ఆగకుండా ఆ ప్రశ్న కూడా అడిగా, ఇదే బొమ్మ ఇంకో సైజులో ఉందా అని. అతను చాలా సంతోషంగా, ఐదు సైజుల్లో ఉంది సార్, మీ గోడ కొలత చెప్పండి, ఎల్లుండికల్లా రెడీ చేస్తాం అన్నాడు 🙏

బెజవాడ_బస్టాండ్
😂😂 అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాలేదు పాపం

లెక్కల_మాస్టారు
నవ్వుకున్నది చాలు గానీ, ప్రింట్ కొంటే నేరమేమీ కాదు కదా. మా ఇంట్లో ఉన్నవన్నీ ప్రింట్లే, ప్రింట్ అని చెప్పి ప్రింట్ ధరకి అమ్మితే శుభ్రంగా కొనుక్కోవచ్చు. అందరికీ ఆర్టిస్టుల చుట్టూ తిరిగే తీరిక ఉండదు. నా బాధల్లా ప్రింట్‌కి ఆయిల్ పెయింటింగ్ ధర పెట్టడం ఒక్కటే. బిల్లు మీద "చేతితో వేసిన ఆయిల్ పెయింటింగ్, కాన్వాస్" అని రాసిమ్మని అడగండి, అక్కడే తేలిపోతుంది, రాయమంటే చాలామంది వెంటనే "మిక్స్‌డ్ మీడియా సార్", అంటే రకరకాలవి కలిపి చేసింది అంటారు.

బ్రష్షూ_టర్పెంటైనూ
మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. ఇక ఖాళీగోడ గారూ, నా సలహా ఏంటంటే ముందు కుండలు కొనండి, తర్వాత ఆ కుండలనే బొమ్మ వేయించండి. మీరు టేబుల్ మీద పెట్టబోయే కుండలే పైన గోడ మీద ఉంటే ఆ గోడకి ఒక అర్థం వస్తుంది. మీ అమ్మగారి వైపు పాత ఇత్తడి బిందె గానీ, పచ్చళ్ళ జాడీ గానీ ఉంటే అది కూడా కలపండి. ఆ గోధుమరంగు మూతి, తెల్ల ఒళ్ళు ఉన్న జాడీ వేయడానికి ఎంత బాగుంటుందో, మెరుపు ఒక్కచోటే పడుతుంది.

వేసేవాళ్ళకి మాత్రం ఫోటో ఇచ్చి వదిలేయకండి. ఫోన్ ఫోటోలో నీడలన్నీ నల్లగా ముద్దకడతాయి, కుండ చదునుగా వస్తుంది. వస్తువులే పంపండి, ఒకే కిటికీ వెలుతురులో పెట్టి వేయమనండి. ఇంకో సంగతి, మీ హాల్లో కిటికీ ఎటుందో చెప్పండి, ఎడమ పక్కనుంటే బొమ్మలో కూడా వెలుతురు ఎడమ నుంచే పడాలి.

రంగుల గురించి కూడా ఒక మాట. షాపుల్లో కుండల బొమ్మలన్నీ నారింజ రంగులో మండిపోతుంటాయి, వెనకాల నల్లటి నలుపు, కుండ మీద తళతళా మెరుపు. మట్టి కుండ అసలంత మెరవదు కదండీ. జార్జియో మొరాండి అని ఇటలీ బొలోన్యాలో ఒకాయన ఉండేవాడు, 1890లో పుట్టి 1964లో పోయాడు, దాదాపు జీవితమంతా అవే సీసాలు, అవే కూజాలు అటూ ఇటూ జరుపుకుంటూ వేశాడు. సీసాల మెరుపు చంపడానికి వాటికి రంగు పూసేవాడు, మీద దుమ్ము పడినా తుడవనిచ్చేవాడు కాదు. ఆ బొమ్మల్లో గోడ రంగూ సీసా రంగూ దాదాపు ఒకటే, అయినా కళ్ళు తిప్పుకోలేం. మీ ఆర్టిస్టుకి అవి చూపించి, అదే వేయమని కాదు, మెరుపు ఎంత తక్కువ చాలో చూడమని చెప్పండి.

డాలస్_అక్క
ఈ థ్రెడ్ చదివి నాకూ కావాలనిపిస్తోంది! డిసెంబర్లో హైదరాబాద్ వస్తున్నా, ఆయిల్ పెయింటింగ్ డాలస్ దాకా ఎలా తెచ్చుకోవాలి? ఫ్రేముతో వీలవుతుందా? కుండలు కూడా రెండు తెచ్చుకుందామని ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో ఏమైనా అంటారా?

బ్రష్షూ_టర్పెంటైనూ
ఫ్రేము వద్దక్కా, బరువు దండగ. కాన్వాస్‌ని చెక్క మీద నుంచి ఊడదీయించి లావు ట్యూబుకి చుట్టించండి, రంగు వైపు బయటకి ఉండాలి, లోపలికి చుడితే రంగు ముడుచుకుని పగుళ్ళిస్తుంది. అక్కడ మళ్ళీ చెక్కకి బిగించుకోండి. డిసెంబర్లోనే వేయించి డిసెంబర్లోనే తీసుకెళ్ళాలంటే ఆయిల్ వద్దు, పైకి ఆరినట్టుంటుంది గానీ లోపల పచ్చిగానే ఉంటుంది, వార్నిష్ అయితే ఆరు నెలలు దాటాకే వేయాలి. అక్రిలిక్‌లో వేయించుకోండి, గంటల్లో ఆరుతుంది.

మట్టిచేతులు
కాల్చిన కుండకి ఇబ్బంది లేదు అక్కా, కానీ పెరట్లో వాడిన పాత కుండైతే లోపలా అడుగునా మట్టి అంటుకుని ఉంటుంది, బ్రష్ పెట్టి శుభ్రంగా కడిగి ఎండబెట్టాకే సర్దండి, అమెరికాలోకి నేల మట్టి రానివ్వరు. చెకిన్ బ్యాగ్‌లో వేస్తే కుండ లోపల కూడా బట్టలు గట్టిగా కూరండి, ఖాళీగా ఉన్న కుండే ముందు పగులుద్ది.

తెనాలి_బాబాయ్
చూశారా, ఖాళీ కుండ మంచిది కాదని నేను ముందే చెప్పా 😌

ఊరగాయ_జాడీ
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి, మా ఇంట్లో ఎర్ర కుండ మీద తెల్లగా పొడి పొడిగా వస్తోంది, తుడిస్తే పోతుంది మళ్ళీ వస్తుంది. కుండ పాడైనట్టా? మనీప్లాంట్ ఉంది అందులో.

మట్టిచేతులు
పాడవలేదు. మీ బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, నీళ్ళు కుండ గోడలోంచి చెమర్చి ఆరిపోతాయి, ఉప్పు బయట మిగిలిపోతుంది. మొక్క తీసేశాక వెనిగర్‌లో నీళ్ళు కలిపి గట్టి బ్రష్‌తో తోమి మంచినీళ్ళతో కడగండి. మొక్కని వేరే ప్లాస్టిక్ కుండీలో ఉంచి దాన్ని ఇందులో దించేస్తే ఇక రాదు. కొంతమంది ఆ తెలుపు బాగుంటుందని అలాగే ఉంచుతారు, నేనూ ఆ బాపతే.

ఖాళీగోడ_కొత్తిల్లు
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఆదివారం శిల్పారామం వెళ్ళి రెండు కుండలు కొట్టి కొట్టి చూసి తెచ్చుకున్నాం, మా ఆవిడ కొట్టే సౌండ్‌కి అమ్మే పెద్దాయన, పగలగొట్టకమ్మా అన్నాడు. మా అత్తగారి ఊరగాయ జాడీ, మా నాయనమ్మ బిందె కలిపితే నాలుగయ్యాయి. సిద్దిపేట చెల్లెమ్మ వాళ్ళ తమ్ముడితో మాట్లాడా, అక్రిలిక్‌లో 4 అడుగులు 3 అడుగులు వేస్తానన్నాడు, సగం అడ్వాన్స్ ఇచ్చా, షాపువాడు చెప్పిన దాంట్లో సగానికి తక్కువే. ఇప్పుడు రెండు డౌట్లు. ఎంత ఎత్తులో కొట్టాలి? ఇంకోటి, గోడకి మేకు అసలు దిగట్లేదు, సుత్తితో కొడితే మేకే వంగిపోతోంది.

విశాఖ_ఉప్పుగాలి
బొమ్మ నడిమధ్య నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల దగ్గరకి రావాలి, కానీ మీకు కింద టేబుల్, దాని మీద కుండలు ఉన్నాయి కాబట్టి ఎత్తు కుండ మూతికీ ఫ్రేముకీ మధ్య ఓ జానెడు ఖాళీ ఉండేలా చూసుకుని దాన్ని బట్టి పైకి జరపండి. ముందు న్యూస్‌పేపర్లు అదే సైజులో అతికించి గోడకి టేపుతో అంటించి రెండ్రోజులు చూడండి.

లెక్కల_మాస్టారు
కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఇటుక గోడలుండవు, అల్యూమినియం షట్టరింగ్ పెట్టి మొత్తం కాంక్రీట్ పోస్తారు, మైవాన్ అంటారు. మేకు దిగదు, మామూలు డ్రిల్లు కూడా పనికిరాదు, హామర్ డ్రిల్లు ఉన్నవాణ్ణి పిలవండి. స్విచ్ బోర్డుకి నిటారుగా పైనా కిందా మాత్రం రంధ్రం వేయనివ్వకండి, లోపల కరెంట్ పైపు ఉంటుంది.

సిద్దిపేట_పోరి
అన్నా మా తమ్ముడు అడుగుతుండు, ఉల్లిగడ్డలు పెట్టాల్నా వద్దా?

ఖాళీగోడ_కొత్తిల్లు
ఉల్లిపాయలు అస్సలొద్దంది మా ఆవిడ. రెండు వంకాయలు, ఒక కుండలో తామరపూలు. వంకాయలు గుండ్రటివి కాదంట, పొడుగువి.